సిమెంటు అను మాట

మూసీనది కృష్ణలో కలియుచోట, నల్లగొండ జిల్లా వాడపల్లిలో, అగస్త్యేశ్వరుని గుడియు, లక్ష్మీనరసింహుని గుడియు కలవు. ఆ ప్రాంతపు నేలలో సున్నపురాయి మెండు. అందుచేతనే అచ్చట సిమెంటు కర్మాగారములు వెలసినవి. సిమెంటు అను మాట మనకు ఇంగ్లీషువలన వచ్చినది. దాని పుట్టిల్లు మాత్రము లాటిను.

లాటినులో ‘కయిమెంటుమ్’ అనగా కొట్టిన రాతిముక్క. ‘కయిదెరె’ అను ధాతువునకు నరకుట, కొట్టుట అని అర్థము. (సిజేరియను అను శస్త్రచికిత్స పేరును గూడ పండితులు పలువురు ఈ ధాతువుతోనే ముడిపెట్టుదురు.) రోమను తాపీవారు ఈ ముక్కలను సున్నపు అడుసులో కూర్చి గోడలు కట్టిరి. కాలక్రమమున ముక్క పేరు, ముక్కలను పట్టియుంచు అడుసునకు సంక్రమించినది. అతుకబడునది పోయి అతుకునది మిగిలినది! ఫ్రెంచివారి ‘సిమాఁ’, ఇటలీవారి ‘చెమెంతో’, జర్మనుల ‘త్సెమెంట్’ అన్నియు ఈ రెండవ అర్థమునే మోయుచున్నవి. స్పెయినువారు మాత్రము ఒక్క మాటను రెండుగా చీల్చుకొనిరి: ‘సెమెంతో’ అనిన సిమెంటు, ‘సిమియెంతో’ అనిన పునాది. పాత రాతివాసన ఆ పునాదిలో ఇంకను ఉన్నదని మా అభిప్రాయము.

1824లో లీడ్సు పట్టణమునకు చెందిన జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండు సిమెంటుకు పేటెంటు పొందెను. నేడు మనము ఆ మాటతో తలచునది ఈ జాతి పొడినే. 1955లో శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరు విడిచిన నాగార్జునసాగరము వాడపల్లికి ఎగువననే ఉన్నది. ఆ రాతికట్టడములో లాటినువారి ముక్కయు, నేటివారి అతుకుడు పదార్థమును ఒక్కచోట చేరినవి.

మన ‘సున్నము’ కథ వేరు. అది సంస్కృత ‘చూర్ణము’ నుండి ప్రాకృత ‘చుణ్ణ’ మీదుగా వచ్చినది. పొడి అను అర్థమును విడువలేదు. దక్షిణదేశపు ఈ మాటనే ఇంగ్లీషువారు ‘చునాం’ అని తమ నిఘంటువులకు ఎక్కించుకొనిరి.

మన పెద్దలు సున్నమును ఎడ్లగానుగలో నూరి, బెల్లపునీరు, కరక్కాయ రసము కలిపి వాడెడివారు. నేడు అట్టి పాతగోడ బీటలు వారినచో సిమెంటు మెత్తుటయే పలుచోట్ల వాడుక. రెండును అతుకు పదార్థములే గదా అని కాబోలు! కాని సున్నపుగోడ చెమ్మను పీల్చి, మరల గాలికి విడుచును. గట్టి సిమెంటుపూత ఆ చెమ్మను లోపలనే నిలుపును. కొంతకాలమునకు పూత నిలిచియుండగనే వెనుకనున్న ఇటుక పొడియై రాలును.