వోవిచ్ పల్లెసీమ: భూమి దక్కిన చేతుల కళ

పోలండ్ రాజధాని వార్సాకు పశ్చిమంగా సుమారు 80 కిలోమీటర్ల దూరాన, విస్తులా ఉపనది బ్జూరా తీరంలో వోవిచ్ పట్టణం ఉన్నది. దాని చుట్టూ కనుచూపు మేర సమతల మైదానం, ధాన్యపు పొలాలు, పచ్చిక బయళ్లు. ఈ పల్లెల చారల వస్త్రాలు, రంగుకాగితపు చిత్రాలు నేడు పోలండ్ జానపద సంస్కృతికే చిహ్నాలు. ఇవి అనాదిగా వస్తున్నవని అనిపించడం సహజం. చరిత్ర మరొక విధంగా చెబుతుంది.

1136 నాటి పోపు ఆజ్ఞాపత్రంలో వోవిచ్ గ్నియెజ్నో ఆర్చిబిషప్పుల ఆస్తిగా కనిపిస్తుంది. వారు తరువాత వోవిచ్ ప్రభువులన్న బిరుదు కూడా ధరించారు. అందుచేత ఇక్కడి రైతులకు ‘క్షెన్‌జాత్సీ’, అనగా ప్రభువుగారి ప్రజలు, అన్న పేరు వచ్చింది. 18వ శతాబ్ది చివర పోలండ్ విభజనలతో ఎస్టేటు చర్చి చేజారింది. 1807లో నెపోలియన్ దానిని మార్షల్ దవూకు బహూకరించాడు. అనంతరం రష్యా రాజకుమారుడు కాన్‌స్టాంటిన్ వశమైంది. యజమానులు మారినా దున్నేవాడికి భూమి దక్కలేదు.

1864 సంస్కరణతో రైతులు భూమికి హక్కుదారులయ్యారు. జానపద కళ వికసించింది ఆ తరువాతనే. చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. కృత్రిమ రంగులు, చవకైన రంగుకాగితం అంగళ్లకు వచ్చాయి. ఎరుపు ప్రధానమైన ఉన్ని పావడాల చారలు క్రమంగా నారింజకు, ఆపై ఆకుపచ్చకు, నీలానికి మారాయి. స్త్రీలు గొర్రెల ఉన్ని తీసే కత్తెరతోనే కాగితాన్ని పూలుగా, కోళ్లుగా కత్తిరించి, రంగుమీద రంగు అతికి, సున్నం వేసిన గోడలను అలంకరించారు. పెళ్లిళ్లు, పొలం పనులు కూడా ఆ కాగితాలలో కథలుగా నిలిచాయి.

ఈ సీమలోని లీప్త్సె గ్రామ పరిసరాల్లో రైల్వే చిరుద్యోగిగా బతికిన వ్వాదిస్వావ్ రేమాంట్, ఆ పల్లె జీవితాన్ని నాలుగు ఋతువుల నవల ‘హ్వాపి’ (రైతులు)గా 1904-09 మధ్య ప్రచురించాడు. నేలకోసం తండ్రీకొడుకుల పెనుగులాట అందులో ప్రధానం. 1924లో ఆయనకు నోబెల్ బహుమానం లభించింది.

1939 సెప్టెంబరులో బ్జూరా తీరం ఘోర యుద్ధానికి వేదికై, వోవిచ్ తీవ్రంగా దెబ్బతిన్నది. నిత్యజీవితంలో పాత దుస్తులు కాలక్రమాన తొలగిపోయాయి. అయినా ఏటా ‘కార్పస్ క్రిస్టి’ ఊరేగింపునాడు చారల పావడాలు వీధులను నింపుతాయి. 2014లో ఆ ఊరేగింపు పోలండ్ జాతీయ అమూర్త వారసత్వ జాబితాలో చేరింది.

ప్రభువుల పేర వెలసిన ఈ జనం ప్రభువులు పోయాక కూడా ఆ పేరును వదలలేదు. సొంత రంగులు అద్ది తమదిగా చేసుకున్నారు.