కుక్కకి ఏ సబ్బు? ఓ చిన్న చరిత్ర

మా సాఫ్ట్‌వేరు జనాల్లో కుక్కల్ని పెంచేవాళ్ళు బాగా పెరిగారు. "మన షాంపూయే దానికీ రుద్దితే పోలా?" అన్న మాట తరచూ వింటున్నా. దీనికి జవాబు సీసా మీద కంటే మన ఊళ్ళ చరిత్రలో బాగా దొరుకుతుందని నా అభిప్రాయం.

మాది ఉదయగిరి, ఆత్మకూరు వైపు మెట్ట. నెల్లూరు గొర్రెల్లో పల్ల, జోడిపి, దొర అని మూడు రకాలు. మంద ఉన్నచోట కుక్క ఉంటుంది, కుక్క ఉన్నచోట గోమార్లు (పిడుదులు) ఉంటాయి. పాతకాలంలో కుక్కకి స్నానమంటే చెరువులో దించడం, మహా అయితే మిగిలిన కుంకుడు రసం పోయడం. కుంకుడులో నురగనిచ్చేవి సపోనిన్లు. పట్టుచీరలకీ నగలకీ వాడేంత మెత్తన. కంట్లో పడితే మాత్రం మంట. పైగా గోమార్లు దానికి చావవు.

తర్వాత వచ్చింది ఎర్ర సబ్బు. 1865లో లిస్టర్ గాయాలకి కార్బాలిక్ ఆమ్లం వాడి చూపించాక, ఆ వాసనొస్తే క్రిములు పోయినట్టే అన్న నమ్మకం పుట్టింది. 1895లో లైఫ్‌బాయ్ మన దేశానికొచ్చింది. ఘాటు వాసనే శుభ్రతకి గుర్తయిపోయింది. కార్బాలిక్ అంటే ఫినాలే. మోతాదు మించితే చర్మంలోంచి కూడా ఒంట్లోకి ఇంకే విషం.

ఆ పైన గమాక్సిన్, అంటే బి.హెచ్.సి. పంటకి చల్లే పొడినే పశువులకీ కుక్కలకీ పూశారు. గోమార్లు రాలాయి, నిజమే. కానీ అది కొవ్వులో పేరుకునే విషం, నరాలని దెబ్బతీస్తుంది. 1997లో మన దేశంలో దాన్ని నిషేధించారు. అందులో పురుగుని చంపే భాగమైన లిండేన్ 2009లో స్టాక్‌హోం ఒప్పందపు జాబితాకెక్కింది.

మూడు కాలాల్లోనూ లాజిక్కు ఒక్కటే: మనకో, మన పంటకో పనిచేసింది కాబట్టి కుక్కకీ పనిచేస్తుంది. కుక్క ఒళ్ళు నాక్కుంటుందని మాత్రం ఎవరూ లెక్కెయ్యలేదు. బొచ్చు మీద మిగిలిందంతా దాని కడుపులోకే! దాని చర్మం కూడా వేరు. మన చర్మం పీహెచ్ 5.5 దగ్గరుంటే కుక్కది 7కి దగ్గర. మామూలు సబ్బు బిళ్ళ 9 నుంచి 10.

కాబట్టి కుక్కల కోసమే చేసిన, వాసన తక్కువున్న షాంపూ కొనండి. చివర్న నీళ్ళతో బాగా కడగండి. గోమార్లుంటే పశువుల డాక్టరునడిగి, కుక్క బరువునిబట్టి మందు వాడండి. "సహజం" అన్న లేబుల్‌కి పడిపోకండి. టీ ట్రీ నూనె కూడా చెట్టు నుంచి వచ్చిందే, చిక్కగా పూస్తే కుక్కకి విషమే. సీసా చేతిలోకి తీసుకున్నప్పుడు ఒక్కటే అడగండి: ఇది నాకితే ఏమవుతుంది?