విపత్తు సన్నద్ధతకు ప్రభుత్వ వ్యయం: కృష్ణా తీర చారిత్రక అనుభవం

విపత్తు సహాయానికి చేసే వ్యయాన్ని ఎవరూ ప్రశ్నించరు. సన్నద్ధతకు చేసే వ్యయానికి మాత్రం ప్రతి ఏటా సమర్థన అవసరమవుతుంది. సంభవించని మరణం ఏ పద్దులోనూ నమోదు కాకపోవడమే ఇందుకు కారణం. ఆ లోటును చరిత్ర కొంతవరకు పూరించగలదు.

1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో సుమారు 10,000 మంది మరణించారని అధికారిక అంచనా. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం సమీపంలోనే మరో పెనుతుఫాను తీరం దాటింది. అప్పటి మృతులు వెయ్యికి లోపు. రెండు తుఫానుల స్వభావంలోని భేదాలను పరిగణించినా, ఈ అంతరాన్ని కేవలం ప్రకృతికి ఆపాదించలేము. నడిమి కాలంలో తీరగ్రామాలలో తుఫాను రక్షిత భవనాలు వెలిశాయి. ఇన్సాట్ ఉపగ్రహాలు హెచ్చరిక వ్యవస్థను బలపరిచాయి. 1990లో లక్షలాది ప్రజలను ముందుగానే తరలించారు. ఇవన్నీ తుఫాను లేని సంవత్సరాలలో వెచ్చించిన ధనానికి ఫలితాలు.

అయినా నిధుల కేటాయింపులో సహాయానిదే అగ్రస్థానం. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం సహాయ చర్యలకు ఒక నిధిని, ముప్పు తగ్గింపునకు మరొక నిధిని నిర్దేశించింది. జాతీయ స్థాయిలో మొదటిది 2010లోనే అమలులోకి రాగా, రెండవది 2021 వరకు ఏర్పడలేదు. 15వ ఆర్థిక సంఘం సైతం ముప్పు తగ్గింపునకు 20 శాతమే ప్రత్యేకించింది.

ప్రాణరక్షణలో సాధించిన ఈ ప్రగతి పంటలకు, పడవలకు, ఇళ్లకు అదే మేరకు విస్తరించలేదు. కనుక సన్నద్ధతా వ్యయాన్ని గడచిన విపత్తుకు పరిహారంగా కాక, నిర్వహణ ఖర్చుతో కూడిన శాశ్వత ప్రజాసేవగా పరిగణించడమే చరిత్రసమ్మతం.