ఫొటోలో కనపడని చెయ్యి

1992లో సియాటిల్‌లో కాఫీ షాపు నడుపుతున్న డేవిడ్ షోమర్ ఒక ఫొటో చూశాడు. ఇటలీలోని కఫే మతేకి అనే చోట చేసిన కాఫీ. గోధుమరంగు నురగ మీద పాలతో తేలిన ఆకు. ఆ ఆకు తనకీ కావాలనిపించింది. కానీ ఫొటోలో ఉన్నది ఆకు మాత్రమే, దాన్ని పోసిన చెయ్యి లేదు. పూర్తయిన ముగ్గు చూసి, వేళ్లు ఏ వరసలో కదిలాయో పట్టుకోవడం లాంటి పని అది. ముగ్గుకి కనీసం చుక్కలుంటాయి. ఇక్కడ అవీ లేవు.

షోమర్ అప్పటికే కప్పులో హృదయాకారం పోసేవాడు. 1989 నాటికే అది ఆయన షాపు ఎస్ప్రెస్సో వివాచేకి గుర్తుగా మారింది. పాలను అంత మెత్తగా నురగ పట్టించే పద్ధతి తనది కాదనీ, అదే ఊళ్లో అప్‌టౌన్ ఎస్ప్రెస్సోలో పనిచేసిన జాక్ కెల్లీదనీ ఆయనే చెప్పాడు. షోమర్ అంతకుముందు బోయింగ్ కంపెనీలో కొలతల పరికరాల కచ్చితత్వం సరిచూసే ఉద్యోగం చేశాడు, పైగా ఫ్లూట్ వాయించేవాడు. ఆ రెండు అలవాట్లూ కలిస్తే ఇలాంటి పిచ్చి పట్టడంలో ఆశ్చర్యం లేదనిపిస్తుంది నాకు.

అసలు ఆ బొమ్మకి పలక ఎక్కడిది? 1901లో లుయీజీ బెజ్జెరా పేటెంట్ తీసుకున్న యంత్రం ఆవిరి ఒత్తిడితో నీళ్లను కాఫీ పొడిలోంచి నెట్టేది. ఆ ఒత్తిడి చాలదు. కాఫీ మీద నురగ కట్టేది కాదు. మిలాన్‌కి చెందిన అకిల్లే గాజ్జియా 1938లో ఒక పేటెంట్ తీసుకున్నాడు. యుద్ధం ముగిశాక స్ప్రింగు, లీవరు ఉన్న యంత్రం తెచ్చాడు. లీవరు వదిలితే స్ప్రింగు నీళ్లను గట్టిగా తోసేది. కాఫీలోని నూనెలూ కార్బన్ డయాక్సైడూ కలిసి పైన గోధుమరంగు పొర కట్టింది. మొదట్లో జనం ఈ నురగేమిటని అనుమానపడ్డారట. అందుకే అది కాఫీలోంచి సహజంగా వచ్చిన మీగడ అని యంత్రం మీదే రాయాల్సి వచ్చింది. నలభై ఏళ్ల తర్వాత దాని మీద బొమ్మలేస్తారని గాజ్జియా ఊహించి ఉండడు.

మన ఫిల్టర్ కాఫీకి ఈ పొర రాదు. డికాక్షన్ ఏ ఒత్తిడీ లేకుండా చుక్కచుక్కగా దిగుతుంది. గ్లాసులోంచి గిన్నెలోకి ఎత్తి పోస్తే వచ్చేది పెద్ద బుడగల నురగ. దానికి వేరే అందం ఉంది, బొమ్మ మాత్రం నిలవదు.

లాటే ఆర్ట్‌లో సగం పని పాల జగ్గులోనే అయిపోతుంది. ఆవిరి గొట్టం కొస పాల పైభాగాన ఉంచితే మొదటి కొన్ని సెకన్లు కాగితం చింపుతున్నట్టు సన్నటి చప్పుడు వస్తుంది. గాలి లోపలికెళ్తోందన్నమాట. తర్వాత కొసను కాస్త ముంచితే పాలు సుడి తిరుగుతూ బుడగలను చితకబాదుతాయి. 60-65 డిగ్రీల దగ్గర ఆపెయ్యాలి. ఇంకా కాగితే తీపీ పోతుంది, నురగా విరుగుతుంది. సరిగ్గా కుదిరిన పాలు తడి పెయింటులా మెరుస్తాయి.

ఇక పోయడం. జగ్గు ఎత్తులో ఉంటే పాలు నురగ కిందికి దూరిపోతాయి, పైన ఏమీ కనబడదు. జగ్గు మూతి కాఫీకి దాదాపు తగిలేంత దగ్గరికి దించితే తెలుపు తేలుతుంది. అప్పుడు మణికట్టు అటూ ఇటూ ఊపాలి. ఊపుకో తెల్లచార పడుతుంది, వెనక నుంచి వచ్చే పాలు పాత చారను పక్కకి నెడతాయి. ఊపుతూనే జగ్గును వెనక్కి లాగాలి. చివర్లో పైకెత్తి సన్నటి ధారతో మధ్యలోంచి ఒక్క గీత గీస్తే చారలన్నీ ఒంగి ఆకైపోతాయి. మొత్తం కలిపి కొన్ని సెకన్లు. తప్పు జరిగితే దిద్దుకోవడానికి ఉండదు. రోజుకి ఎన్ని వందల కప్పులు చేసినా బరిస్టాలకు విసుగు రాకపోవడానికి కారణం ఇదేననుకుంటాను. ప్రతి కప్పూ మళ్లీ మొదటి నుంచే. కుదిరినప్పుడు ఆ సంగతి ముందు తెలిసేది చేతికి, తర్వాతే కంటికి.

2005 నుంచి దీనికి ప్రపంచ పోటీలున్నాయి. హంసలు, గుర్రాలు కూడా పోస్తున్నారు. బొమ్మ బాగుంటే కాఫీ బాగున్నట్టేనా అని రుచి పట్టింపున్నవాళ్లు విసుక్కుంటారు. వాళ్ల మాటలో నిజం ఉంది. ఆకు సాక్ష్యం చెప్పేది ప్రధానంగా పాల గురించి. గింజ మాడిపోయినా ఆకు అందంగానే వస్తుంది. కానీ ఆ సాక్ష్యం చిన్నదేం కాదు. కౌంటరు అవతల ఒక మనిషి శ్రద్ధగా నిలబడ్డాడని తాగేవాడికి కంటితో తెలిసే చోటు కాఫీలో మరొకటి లేదు. మనం ఫోన్ తీసి ఫొటో కొట్టి, పంచదార వేసి కలిపేస్తాం. ఫొటోలో మళ్లీ ఆకే మిగులుతుంది.

షోమర్‌కి ఆ ఆకు కుదిరింది. తర్వాత తరగతులు పెట్టి నేర్పాడు. అదే రోజుల్లో ఇటలీలో లుయీజీ లూపి ఇదే విద్య మీద పనిచేస్తున్నాడు. ఇద్దరికీ ఇంటర్నెట్‌లో పరిచయమైంది. ఒకరికొకరు పంపుకున్నవి ఫొటోలు కావు, వీడియోలు. ఇవాళ నేర్చుకునేవాళ్లు అలాంటి వీడియోల్నే ఆపి ఆపి చూస్తారు. పాలు ఖరీదు కాబట్టి జగ్గులో నీళ్లు పోసి, గిన్నెలు తోమే సబ్బు ఒక్క చుక్క వేసి, ఆవిరి పెట్టి సుడి తిప్పడం సాధన చేస్తారు.