సక్కర్ చేప, వారింగ్‌టన్ నత్త, మా ఊరి చెరువు

హిందూపురంలో మా ఇంట్లో రెండడుగుల గాజు తొట్టి ఉండేది. పోసేది బోరు నీళ్ళు, పెట్టింది కిటికీ పక్కన. పది రోజులు తిరిగేసరికి అద్దాలన్నీ పచ్చటి పాచి. అంగడాయన్ని అడిగితే "సక్కర్ వేస్కోండి సార్, మొత్తం క్లీన్ చేసేస్తుంది" అన్నాడు. రెండంగుళాల పిల్ల, చూడ్డానికి ముచ్చటగా ఉంది, తెచ్చేశా. ఎండ తగలకుండా తొట్టి జరపడం, మేత తగ్గించడం... ఆ జోలికి మాత్రం పోలేదు. బగ్ ఎక్కడుందో చూడకుండా ప్యాచ్ వెయ్యడం మన వృత్తిధర్మం కదా :)

ఇంతకీ పాచి పోగొట్టడానికి ఇంకో ప్రాణిని తెచ్చే ఆలోచన ఎప్పటిదా అని చదవడం మొదలుపెడితే చిత్రమైన సంగతి తెలిసింది. ఆ పనికి పెట్టుకున్న తొలి జీవుల్లో ఒకటి చేప కాదు, నత్త! లండన్‌లో రాబర్ట్ వారింగ్‌టన్ అనే రసాయన శాస్త్రవేత్త రెండు గోల్డ్‌ఫిష్‌లని, ఒక నీటిమొక్కని తొట్టిలో వేసి, నీళ్ళు మార్చకుండా ఎన్నాళ్ళు బతుకుతాయో చూశాడు. మొక్క ఆకులు కుళ్ళి, జిగురు పట్టి, నీళ్ళు మురికయ్యాయి. అప్పుడాయన చెరువు నత్తల్ని తెచ్చి వదిలాడు. అవి కుళ్ళునీ జిగురునీ తినేశాయి, వాటి గుడ్లు చేపలకు మేతయ్యాయి. ఆ ఫలితాలు 1850లో కెమికల్ సొసైటీ ముందు పెట్టాడు. ఆయనకు కావలసింది శుభ్రమైన అద్దం కాదు, లెక్క సరిపోవడం. చేప వదిలింది మొక్కకు, మొక్క వదిలింది నత్తకు, నత్తది మళ్ళీ చేపకు.

తర్వాతి వాళ్ళు ఆ లెక్క వదిలేసి "ఫలానా సమస్యకు ఫలానా చేప" అన్న ముక్క ఒక్కటే పట్టుకున్నారు. దోమలకని 1928లో మనదేశానికి గాంబూసియాని తెచ్చారు. 1952లో తిలాపియా వచ్చింది, ఏడేళ్ళు తిరక్కుండా 1959లో దాన్ని ఇంక ఎక్కడా వదలొద్దని చేపల శాస్త్రవేత్తలే చెప్పాల్సొచ్చింది. అప్పటికే చెరువుల్లో స్థిరపడిపోయింది.

సక్కర్‌ది కూడా ఆ వరసే. పుట్టిల్లు దక్షిణ అమెరికా నదులు. పిల్లగా ఉన్నప్పుడు పాచి గీకుతుంది, నిజమే. పెద్దదయ్యాక మేత గుళికలకు అలవాటు పడి అద్దం వైపు చూడదు, రాత్రిపూట గోల్డ్‌ఫిష్ ఒంటి మీది జిగురు గీకడానికి పోతుంది. అడుగు, అడుగున్నర పెరుగుతుంది. వళ్ళంతా కవచం, రెక్కలకు ముళ్ళు. పొట్టతో గాలి పీల్చుకుని నీళ్ళ బయట కూడా గంటలకొద్దీ బతుకుతుంది. గుడ్లు పెట్టడానికి గట్లలో బొరియలు తవ్వుతుంది. ఫ్లోరిడాలో కాలువ గట్లు దీనివల్లే కోసుకుపోతున్నాయి.

మనకు భయం వెయ్యాల్సింది ఈ చివరి మాటకే. మా వైపు బతుకంతా మట్టికట్టల మీద నిలబడింది. బుక్కపట్నం చెరువు బుక్కరాయలు కట్టించాడంటారు. ధర్మవరం చెరువు క్రియాశక్తి ఒడయారు కట్టించి ఊరికి తల్లి ధర్మాంబ పేరు పెట్టాడని చెప్పుకుంటారు. 1565 యుద్ధం తర్వాత తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకు మార్చాడు. ఆ రాజధాని బతికిందీ చెరువు నీళ్ళతోనే. కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి శాసనం ఒకటుంది, బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించింది. చెరువుకుండే ఆరు దోషాలు అందులో లెక్కపెట్టారు. మొట్టమొదటిది కట్టలోంచి నీరు ఊరడం. అరున్నర శతాబ్దాల కిందటి డిజైన్ డాక్యుమెంట్‌లో మొదటి హెచ్చరిక అదన్నమాట!

ఇప్పుడు అసలు విషయం. 2019లో ఉద్యోగానికి ఊరు వదిలేటప్పుడు, తొట్టిలో పట్టనంత పెరిగిన సక్కర్‌ని బకెట్లో వేసుకుపోయి మా ఊరి పక్క చెరువులో వదిలేశా. చంపకుండా వదిలానని పుణ్యం కూడా లెక్కేసుకున్నా. 2021 నవంబరు వానలకు చెరువు మరవ పారింది. ఆ నీళ్ళు పోయేది పెన్నకే. 2024లో హైదరాబాదు సీసీఎంబీ వాళ్ళు, నీళ్ళలో కలిసిన డీఎన్ఏ ఆనవాళ్ళు పట్టి చూస్తే, తూర్పు కనుమల్లో 60 శాతం నీటి వనరుల్లో ఈ చేప ఉందని తేలింది. నాలాంటి బకెట్లు ఎన్నో!

మరి ఏది వేసుకోవాలి? మా నీళ్ళు గట్టివి, సున్నం ఎక్కువ. ఓటోసింక్లస్ చిన్నదే గానీ మెత్తటి నీళ్ళు కావాలి, మా దగ్గర నిలవదు. చైనీస్ ఆల్గీ ఈటర్ పెద్దదయ్యాక రౌడీ. మన ఏళ్ళలోనే రాళ్ళకు అంటుకుని పాచి గీక్కునే గార్రా ఉంది (1839లోనే సైక్స్ అందులో ఒక జాతిని నమోదు చేశాడు), కానీ దానికి పారే నీళ్ళు కావాలి. మోలీలు గట్టి నీళ్ళలో హాయిగా ఉంటాయి, పాచీ కొరుకుతాయి, కాకపోతే తెగ పిల్లలు పెడతాయి. నేను నెరైట్ నత్తలు వేశా. సున్నం నీళ్ళు వాటి గుల్లకు మంచిది, మంచినీళ్ళలో వాటి పిల్లలు బతకవు కాబట్టి ఎక్కడికీ వ్యాపించవు. తొట్టి కూడా కిటికీ దగ్గర్నుంచి జరిపేశా, ఆరేళ్ళు ఆలస్యంగా.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు చెరువు కట్ట మీద వల ఆరేసుకుంటున్న ఆయన్ని అడిగా, నల్లగా, ముళ్ళతో ఉండే చేప ఎప్పుడైనా పడిందా అని. "పడకేంప్పా, వల చూడు" అని చిరిగిన చోటు చేత్తో ఎత్తి చూపించాడు. "ఎవుడు ఇడిసినాడో గానీ!" అన్నాడు. నేనేం మాట్లాడలేదు.