నెగడు చుట్టూ ఎంతమంది?

ఎండిన కట్టెలను, దుంగలను ఆరుబయట ఒకచోట పేర్చి, పదిమంది చుట్టూ చేరి చలి కాచుకునేలా వేసే పెద్ద మంటను తెలుగులో నెగడు అంటారు. పంట కాపలాకు చేను గట్టున, అడవి అంచున మృగాలు దగ్గరికి రాకుండా, చలికాలంలో వీధి మొగలో వేసుకునే ఈ నెగడే ధనుర్మాసం చివరి రోజున, సంక్రాంతికి ముందునాటి తెల్లవారుజామున, భోగి మంట అవుతుంది. ఈ మంట వాకిలి విడిచి వీధికి, వీధి విడిచి పట్టణ కూడలికి చేరి, అక్కడ వేదిక, మైకు, వేలాది జనం దానికి తోడయ్యాక, పూర్వం తెలుగు ఇళ్లలో తలెత్తడానికి కారణమే లేని ప్రశ్న ఒకటి తలెత్తింది: ఊరంతా పోగయ్యే ఆ మంట దగ్గరికి వెళ్లాలా, వద్దా? ఖతార్‌లోని అల్ రయ్యాన్ వంటి చోట్ల ఉద్యోగాలు చేసుకుంటూ, ఏడాదికో రెండేళ్లకో దొరికిన సెలవును సంక్రాంతికి కలిసొచ్చేలా కుదుర్చుకుని ఊరొచ్చే తెలుగువారికి ఇది మరింత బరువైన ప్రశ్న. వచ్చిన ఆ ఒక్క భోగినీ పిల్లలకు ఎక్కడ, ఎలా చూపించాలన్నది వారు ఆలోచించుకోవలసిన సంగతి.

భోగి తేదీ వెనుక కొంత లెక్క ఉంది. సూర్యుడు ఉత్తర దిక్కుకు మళ్లడం నిజానికి డిసెంబర్ 21, 22 తేదీల్లోనే జరుగుతుంది. అయితే తెలుగు పంచాంగం నక్షత్రాలను ఆధారం చేసుకునే నిరయన పద్ధతిని పాటిస్తుంది కనుక, సూర్యుడు మకరరాశిలో ప్రవేశించేది జనవరి నడుమ. నక్షత్రాలను బట్టి లెక్కించే ఏడాది, రుతువులను బట్టి లెక్కించే ఏడాది కంటే సుమారు 20 నిమిషాలు ఎక్కువ కావడంతో, దాదాపు 70 ఏళ్లకు ఒక రోజు చొప్పున సంక్రాంతి ముందుకు జరుగుతూ పోతోంది. 2024లో జనవరి 14న, 2025లో 13న, 2026లో మళ్లీ 14న భోగి వచ్చింది. తేదీ ఏదైనా అది చలి బాగా ముదిరిన వేళే. కల్లాలు ఖాళీ అయి, ధాన్యం ఇంటికి చేరి, గడ్డీ గాదమూ మిగిలిన వేళ కూడా అదే.

భోగి మంటకు ఇంధనం ఒక్కరోజులో సమకూరేది కాదు. డిసెంబర్ మధ్యలో నెల పట్టిన దగ్గర నుంచి ఆడపిల్లలు ప్రతి ఉదయం ముగ్గు నడుమ గొబ్బెమ్మలను, అంటే ఆవుపేడతో చేసి పసుపు, కుంకుమ, గుమ్మడి పూలు అలంకరించిన ముద్దలను, నిలుపుతారు. పూలు వాడిన తరువాత ఆ ముద్దలనే అరచేతి మందాన బిళ్లలుగా తట్టి, తడి ఆరకముందే నడుమ వేలితో కంత పెట్టి, గోడకో గట్టుకో ఎండేస్తారు. రెండు మూడు ఎండలు తగిలాక బిళ్ల గోడను విడిచి తేలిగ్గా ఊడి వస్తుంది. దాని వెనుక గోడ గరుకుదనం, ముందువైపు తట్టిన పిల్ల వేళ్ల అచ్చులు స్పష్టంగా మిగిలి ఉంటాయి. ఇలా నెల పొడుగునా పోగైన భోగి పిడకలను కొబ్బరి తాడుకు గుచ్చి దండ కడతారు. భోగి తెల్లవారుజామున పిల్లలు ఆ దండను మోసుకొచ్చి తమ చేతులతోనే మంటలో వేస్తారు. నెల రోజుల పసిచేతుల పని నిమిషాల్లో కాలిపోతుంది, అయినా అందుకు ఏ పిల్లా ఏడవదు. మంటలో తన వంతు వేయడమే ఆ తెల్లవారుజాము పరమార్థం. తరువాత ఆ నిప్పుల మీదే కాగు పెట్టి నీళ్లు కాచి, నలుగు పెట్టి, పిల్లలకు తలంటు పోస్తారు. సాయంత్రం రేగుపళ్లు, చెరకు ముక్కలు, బంతిపూల రేకులు, చిల్లర నాణేలు కలిపి వారి తలపై పోసే భోగిపళ్ల వేడుకతో ఆ రోజు ముగుస్తుంది. శ్రీవైష్ణవ సంప్రదాయంలో తిరుప్పావై పారాయణం ముగిసి గోదా రంగనాథుల కల్యాణం జరిగేది కూడా భోగినాడే. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో చెప్పింది ఆ గోదాదేవి కథనే.

ఈ వివరాలన్నిటిలో గమనించదగినది మంట పరిమాణం. పిల్ల తన చేతితో దండ వేయగలగాలంటే మంట దగ్గరికి పోగలగాలి; దగ్గరికి పోగలగాలంటే మంట చిన్నదై, చుట్టూ మనుషులు పలుచగా ఉండాలి. మంట మధ్య నుంచి మూడు మీటర్ల దూరంలో వలయంగా నిలబడితే దాని చుట్టుకొలత సుమారు 19 మీటర్లు. మనిషికి అర మీటరు చొప్పున మొదటి వరుసలో పట్టేది 37 మంది. ఒక వీధికి అది సరిపోతుంది. అదే మంటకు ఐదారు వందల మంది వస్తే పది వరుసలు వెనుక చేరతాయి, వెనుక వరుసలకు కనిపించాలని మంటను పెంచుతారు, మంట పెరిగేకొద్దీ ముందు వరుస వేడికి వెనక్కి జరుగుతుంది, చూడాలన్న ఆరాటంతో వెనుక వరుస ముందుకు జరుగుతుంది. నాటకానికో సభకో పోగైన గుంపు ఒకే దిక్కుకు ఒత్తుతుంది. నెగడు చుట్టూ చేరిన గుంపులో రెండు ఒత్తిళ్లు ఎదురెదురుగా పనిచేస్తాయి. పెద్ద మంట దగ్గర జాగ్రత్త గురించి మాట్లాడేవారు నిప్పురవ్వలను, చీర చెంగులను తలచుకుంటారు కాని, ఈ ఎదురు ఒత్తిడిని తలచుకునేవారు అరుదు.

మంట కూడలికి చేరడంలో రాజకీయం పాత్ర చిన్నది కాదు. పాతదాన్ని కాల్చి కొత్తదాన్ని ఆహ్వానించడం భోగి అర్థంగా స్థిరపడ్డాక, తమకు నచ్చని ప్రభుత్వ ఉత్తర్వులను, అంటే వాడుకలో జీవోలను, భోగి మంటలో వేయడం నిరసన రూపంగా మారింది. 2020 భోగినాడు విజయవాడ బెంజ్ సర్కిల్‌లో రాజధాని విషయమై జి.ఎన్.రావు కమిటీ, బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ ఇచ్చిన నివేదికల ప్రతులను చంద్రబాబు నాయుడు మంటల్లో వేశారు. 2024 జనవరి 14న మందడంలో ఆయన, పవన్ కల్యాణ్ కలిసి జీవోల ప్రతులను కాల్చారు. 2021 జనవరి 13న ఢిల్లీ సరిహద్దుల్లో బైఠాయించిన రైతులు లోహ్రీ మంటల్లో, అంటే భోగి వేళకే వచ్చే పంజాబీ పండుగ మంటల్లో, వ్యవసాయ చట్టాల ప్రతులను వేశారు. దండ వేసే పిల్ల స్థానంలోకి నాయకుడు రాగానే చుట్టూ ఉన్నవారంతా ప్రేక్షకులైపోతారు. పార్టీ ఏదైనా ఈ మార్పు మాత్రం ఒకటే.

ఇంగ్లండ్‌లో ససెక్స్ ప్రాంతపు లూయిస్ పట్టణం ఈ దారిలో ఎంతో ముందు నడిచింది. పార్లమెంటు భవనం కింద మందుగుండు పేర్చి రాజును చంపాలన్న 1605 నాటి కుట్ర విఫలమైనందుకు గుర్తుగా ఏటా నవంబర్ 5న ఆ దేశంలో మంటలు వేస్తారు. మేరీ రాణి కాలంలో, 1555 నుంచి 1557 వరకు, తమ పట్టణంలో సజీవదహనం చేసిన 17 మంది ప్రొటెస్టంట్లను కూడా లూయిస్ వాసులు ఆ రాత్రే తలచుకుంటారు. బాన్‌ఫైర్ సొసైటీలనే సంఘాలు కాగడాలతో, మండే తారు పీపాలతో ఊరేగి, ఆ ఏడాది వార్తల్లో నలిగిన నాయకుల దిష్టిబొమ్మలను తగలబెడతాయి. జీవోల ప్రతులకు, ఈ బొమ్మలకు తేడా స్వల్పమే. పట్టణ జనాభా 17 వేల ప్రాంతంలో ఉండగా ఆ రాత్రి బయటి నుంచి వచ్చేవారు అంతకు ఎన్నో రెట్లు పెరగడంతో, ఇటీవలి ఏళ్లలో ఆ సాయంత్రం లూయిస్ స్టేషన్‌లో రైళ్లు ఆపడం మానేశారు. ఇది తమ ఊరి వేడుకేనని, దూరప్రాంతాల వారు దయచేసి రావద్దని అక్కడి అధికారులే విన్నవించడం రివాజైంది. రావద్దన్నది అతిథి పట్ల అనాదరంతో కాదు. సన్నని వీధుల్లో పట్టే మనుషుల లెక్క వారికి తెలుసు.

ఆ లెక్క తప్పిన చోట ఏం జరుగుతుందో 2021 ఏప్రిల్ 30న ఇజ్రాయెల్‌లోని మెరోన్ కొండ చూపించింది. లాగ్ బ ఓమర్ అనే యూదుల పండుగకు అక్కడ రాత్రివేళ పెద్ద నెగళ్లు వేస్తారు. మంట చూసి తిరిగి వస్తున్నవారు వాలుగా ఉన్న ఇరుకు బాటలో ఒకరిపై ఒకరు ఒరిగిపోవడంతో 45 మంది చనిపోయారు. వారిలో ఎవరినీ మంట తాకలేదు. 2015 జూలై 14న గోదావరి పుష్కరాల తొలిరోజు రాజమహేంద్రవరం పుష్కర ఘాట్‌లో 27 మంది, 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శన టోకెన్ల కోసం వచ్చినవారిలో ఆరుగురు మరణించారు. రెండో ఘటన జరిగిన ఐదో రోజే భోగి. వీటన్నిటికీ తెలుగు పత్రికలు వాడే తొక్కిసలాట అన్న మాట, పరుగెత్తే కాళ్ల కింద మనుషులు నలిగినట్టు స్ఫురింపజేస్తుంది. నిజానికి ఇటువంటి చోట్ల చాలామంది నిలబడి ఉండగానే, ఛాతీ విప్పారే చోటు లేక, ఊపిరాడక చనిపోతారు. చదరపు మీటరుకు నలుగురు ఉన్నంతవరకు మనిషి తన అడుగు తాను వేయగలడు. ఆరేడుగురైతే గుంపు నీటిలా కదులుతుంది, అందులోని మనిషి ఎటు పోవాలన్నది అతని చేతిలో ఉండదు. చనిపోయినవారిని తోపులాడుకున్నారని నిందించడం అన్యాయం. దారి ఇరుకు చేసినవారే జవాబు చెప్పాలి.

పొగ సంగతి వేరు. తెలుగువారు తరతరాలుగా స్థిరపడిన చెన్నైలో 2018 జనవరి 13న భోగి పొగ మంచుతో కలిసి విమానాలను దారి మళ్లించవలసి వచ్చింది. చలికాలపు తెల్లవారుజామున నేల మీది చల్లగాలిపై వెచ్చని గాలి మూతలా పరుచుకోవడంతో పొగ పైకి పోలేదు. అందులో టైర్లు, ప్లాస్టిక్ కాలితే అది విషమే. ఉబ్బసం ఉన్నవారు, పసివారు ఆ గాలిలోకి వెళ్లకపోవడమే మేలు.

అల్ రయ్యాన్‌లో ఈ ప్రశ్న మరో రూపంలో ఎదురవుతుంది. ఆ పేరుకు మూలమైన అరబ్బీ మాటకు తడుపు, దాహం తీరడం అన్న అర్థాలున్నాయి. వాననీరు చేరి సాగుకు పనికొచ్చిన పల్లపు నేల కావడం వల్ల ఊరికి ఆ పేరు వచ్చిందంటారు. నీటి పేరున్న ఈ ఊరు నిప్పు తెచ్చిన దుఃఖాన్ని కూడా ఎరుగును. 2012 మే 28న ఈ మునిసిపాలిటీలోని విలాజియో మాల్‌లో రేగిన మంటల పొగకు అక్కడి శిశు సంరక్షణ కేంద్రంలోని 13 మంది పసివారు, నలుగురు ఉపాధ్యాయినులు, ఇద్దరు అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. జనసందోహాన్ని నడపడంలోనూ ఈ ఊరికి అనుభవం ఉంది: 2022 ప్రపంచ కప్ ఫుట్‌బాల్‌లో 64 మ్యాచ్‌లకు గాను 23 ఇక్కడి మూడు మైదానాల్లో, అంటే ఎడ్యుకేషన్ సిటీ, అహ్మద్ బిన్ అలీ, ఖలీఫా స్టేడియాల్లో జరిగాయి. ఒక్కొక్కటి సుమారు 45 వేల మందిని పట్టే ఆ మైదానాల నుంచి మెట్రో దాకా కంచెల నడుమ మెలికలు తిరిగే బారుల్లో నడిచినవారికి, నడక దూరం పెంచడం వేధింపు కాదని, ఒత్తిడి ఒకచోట పోగుపడకుండా చేసే ఉపాయమని ఇట్టే అర్థమవుతుంది. సొంత ఊరి కూడలిలో వెదురు కర్రలు అడ్డం కట్టి, వచ్చే దారీ పోయే దారీ ఒక్కటే చేసిన ఏర్పాటు కనిపిస్తే, అటువంటివారు పిల్లలతో అడుగు ముందుకు వేయకూడదు.

అరబ్బుల సంప్రదాయంలో నెగడుకు ఉన్న అర్థం భోగికి దూరమైనది కాదు. ఇస్లాంకు ముందు కాలం నుంచీ ఎడారి తెగలు రాత్రిళ్లు ఎత్తైన చోట వేసే మంటను నార్ అల్ ఖిరా, అంటే ఆతిథ్యపు నిప్పు, అనేవారు. దారి తప్పిన బాటసారి ఆ వెలుగు చూసి వస్తే అన్నం, నీడ దొరుకుతాయని దాని భావం. దాతృత్వానికి పేరుపడ్డ హాతిమ్ తాయి కథల్లోనూ ఈ మంట కనిపిస్తుంది. ఖతార్ కుటుంబాలు నేటికీ చలికాలంలో ఎడారి శిబిరాలకు వెళ్లి నిప్పు చుట్టూ కూర్చుని కాఫీ తాగుతాయి. అయితే మొక్కలు, నేల పాడవకుండా, మంటను నేరుగా ఇసుక మీద వేయరాదని, నేలకు ఎత్తుగా ఉండే ఇనుప పళ్లెంలోనే వేయాలని శిబిరాల నియమాలు చెబుతాయి.

ఖతార్ గడియారం భారత్ కంటే రెండున్నర గంటలు వెనుక. కోనసీమలో నాలుగున్నరకు మంట అంటుకునే వేళ అల్ రయ్యాన్‌లో రాత్రి రెండు. ఫోను తెరపై మంట కనిపిస్తుంది కాని సెగ తగలదు. ఊరి కూడలిలో పదో వరుసన నిలబడ్డ పిల్లకు అందేదీ అంతే. అనుమతి ఉన్న శిబిరంలో, ఇనుప పళ్లెం నెగడు చుట్టూ చేరిన ఐదారు కుటుంబాల పిల్లలకైతే సెగ ముఖానికే తగులుతుంది, పిడకలు లేకపోతే ఎండు పుల్లైనా తమ చేతితో వేయగలుగుతారు. తెల్లవారాక పళ్లెంలో చల్లారిన బూడిదను చిటికెడు తీసి, ఊళ్లో చేసినట్టే, పెద్దవారు పిల్లల నుదుట పెడతారు. మిగిలినది సంచికి ఎత్తి వెంట తీసుకుపోతారు. కింద ఇసుక నల్లబడి ఉండదు.