ట్రాన్స్‌ఫర్: ఒక్క మాటలో మన తిరుత్తణి చరిత్ర



ఇంగ్లీషులో కొన్ని క్రియలు చూడ్డానికి చిన్నవే, అవి చేసే పనులు మాత్రం చాలా. అలాంటి మాట ట్రాన్స్‌ఫర్. రైల్వేలో గుమాస్తాగా ఉన్నన్నాళ్ళూ నా టేబుల్ మీదికి ఎక్కువగా వచ్చిన మాట ఇదే. రిటైరయ్యాక మన ప్రాంతం చరిత్ర చదవడం మొదలుపెడితే అక్కడా ఇదే మాట ఎదురైంది. అందుకే ఈ వారం దీని గురించి రాస్తున్నాను. కాస్త పొడుగే, ఓపిగ్గా చదవండి.

లాటిన్ భాషలో ట్రాన్స్ అంటే ఆవలికి, ఫెర్రే అంటే మోయడం. రెండూ కలిస్తే ఆవలికి మోసుకుపోవడం. ఈ ఫెర్రే, ఇంగ్లీషులో బేర్ అనే క్రియ, సంస్కృతంలో భృ ధాతువు, మూడూ ఒకే మూలం నుంచి వచ్చాయని భాషాశాస్త్రం చదివినవాళ్ళు చెబుతారు. మనం వాడే భారం, భరించడం ఆ ధాతువు నుంచి వచ్చినవే. మోసేవాడు ఒకడైతే భరించేవాడు ఇంకొకడు. ఆ రెండూ ఈ మాటలోనే ఉన్నాయి.

ఇంగ్లీషువాడు ఈ ఒక్క మాటతోనే అన్ని పనులూ చేస్తాడు. ఉద్యోగి ఊరు మారితే ట్రాన్స్‌ఫర్. ఇల్లో పొలమో చేతులు మారితే ట్రాన్స్‌ఫర్. దానికి 1882లోనే ఒక చట్టం చేశాడు. బ్యాంకులో డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు పోయినా అదే మాట. పిల్లవాడు బడి మారితే ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్. 1947లో తెల్లవాళ్ళు దేశాన్ని మనకు అప్పగించినప్పుడూ ట్రాన్స్‌ఫర్ ఆఫ్ పవర్ అనే రాసుకున్నారు. మన తెలుగులో అలా కుదరదు. మనిషికైతే బదిలీ, ఆస్తికైతే బదలాయింపు, అధికారానికైతే మార్పిడి. తమిళంలో ఉద్యోగి బదిలీని ఇడమాట్రం అంటాం, అంటే చోటు మారడం.

రైల్వేలో బదిలీ మూడు రకాలు. ఆఫీసు తన అవసరం కోసం పంపితే సీనియారిటీ పోదు, భత్యం ఇస్తారు, కొత్త చోట చేరడానికి గడువు ఇస్తారు. మనమే అడిగి పోతే సీనియారిటీ పట్టికలో అడుగుకు దిగాలి. మూడోది మ్యూచువల్. ఇద్దరు ఉద్యోగులు ఒప్పుకుని, ఇద్దరూ సంతకం పెట్టి ఒకరి చోటికి ఒకరు పోవడం.

ఇప్పుడు తిరుత్తణికి వస్తాను. పాత ఉత్తర ఆర్కాటు జిల్లాలో, కార్వేటినగరం జమీను కింద ఉండేది ఈ సీమ. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడితే అందులోకి పోయింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం పుడితే చిత్తూరుతో పాటు ఆంధ్రలోకి పోయింది. దాని మీద తమిళులు ఉద్యమం చేశారు, మ.పొ. శివజ్ఞానం గారు ముందు నిలిచారు. ఇరు పక్షాలకూ మధ్యవర్తిగా హెచ్.వి. పటాస్కర్ వచ్చారు. ఆయన సూచనల మీద పార్లమెంటు 1959లో సరిహద్దుల మార్పు చట్టం చేసింది. 1960 ఏప్రిల్ 1 నుంచి తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో చెంగల్పట్టు జిల్లాకు చేరింది. బదులుగా సత్యవేడు వైపు ఊళ్ళు చెంగల్పట్టు నుంచి చిత్తూరుకు పోయాయి. ఆ చట్టంలో మన ఊళ్ళకు పెట్టిన పేరు ట్రాన్స్‌ఫర్డ్ టెరిటరీస్. 1997లో తిరువళ్ళూరు జిల్లా వచ్చాక మళ్ళీ ఒక విలాసం.

ఒక లెక్క చెబుతాను. 1952లో తిరుత్తణిలో పుట్టి గడప దాటనివాళ్ళు కూడా మద్రాసు రాష్ట్రం, ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్, 1960లో మళ్ళీ మద్రాసు, 1969లో తమిళనాడు, ఇన్ని పేర్లు చూశారు. అదే రైలు మార్గంలో కొంచెం దూరంలో ఉన్న తిరువళ్ళూరు వాళ్ళకు మద్రాసు, తమిళనాడు, అంతే. తిరుత్తణి కొండ కదల్లేదు, మురుగన్ గుడి మెట్లు 365 అలాగే ఉన్నాయి. 1888లో ఇక్కడే పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు తెలుగు ఇంటివారే. ఊరు ఉన్నచోటే ఉంది, గీత మారింది.

రైల్వే లెక్కలో చూస్తే రెండు రాష్ట్రాల మధ్య ఇది మ్యూచువల్. సంతకాలు పెట్టింది ప్రభుత్వాలు. ఊళ్ళలోని తెలుగువాళ్ళకు మాత్రం ఇది చేరడానికి గడువు లేని బదిలీ. మార్చి 31 రాత్రి పడుకుని తెల్లారి లేస్తే రాష్ట్రం వేరు. సత్యవేడు వైపు తమిళ కుటుంబాలకూ అదే జరిగింది, ఆ మాట కూడా మనం మరిచిపోకూడదు.

ఏ ఊరు ఎటు పోవాలో ఎలా తేల్చారు? పటాస్కర్ సూత్రం ఇది: ఊరును ఒక యూనిట్‌గా తీసుకోవాలి. 1951 జనాభా లెక్కల్లో ఏ భాషవాళ్ళు సగానికి మించి ఉన్నారో చూడాలి. ఆ ఊరు ఆ భాష రాష్ట్రానికి ఆనుకుని ఉండాలి. అంటే నూట్లో అరవై మంది ఎటు పోతే మిగతా నలభై మందీ అటే. గీత ఎలా గీసినా ఎవరో కొందరు అవతలి పక్క మిగులుతారు. మిగిలినవాళ్ళమే మనం.

అలా మిగిలినవాళ్ళ కోసం రాజ్యాంగంలో 350ఎ అధికరణం ఉంది. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే సౌకర్యం కల్పించడానికి రాష్ట్రం ప్రయత్నించాలని అది చెబుతుంది. తమిళనాడులో 2006 చట్టంతో తమిళం తప్పనిసరి అయింది, ఒకటో తరగతి నుంచి మొదలై ఏడాదికొక తరగతిగా పైకి వచ్చింది. నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి. ఆ చదువే నాకు అన్నం పెట్టింది, తమిళం మీద నాకు ఏ కోపమూ లేదు. పిల్లలు తమిళం బాగా నేర్చుకోవాలి. దాంతో పాటు ఇంట్లో తెలుగు అక్షరం కూడా నేర్చుకోవాలి. మన ఇంటిపేర్లు చూడండి. ఇక్కడి కాగితాల్లో నాన్న పేరు మొదటి అక్షరం ఇనీషియల్‌గా ఉంటుంది, ఇంటిపేరుకు చోటే లేదు. మనవడికి తన ఇంటిపేరు చెప్పేవాళ్ళు లేకపోతే అది ఆ తరంతో ఆగిపోతుంది.

బ్యాంకులో డబ్బు పంపితే మెషీన్ పంపుతుంది. భాషను ఒక తరం నుంచి ఇంకో తరానికి పంపడానికి ఏ చట్టమూ చాలదు, ఇంట్లోవాళ్ళే మోయాలి. లాటిన్ మాటకు అసలు అర్థం కూడా మోయడమే కదా.

చివరగా ఒక మనవి. 1951 లెక్కల్లో మాతృభాష అనే ఒక్క గడి మన ఊళ్ళు ఏ రాష్ట్రానికి చెందాలో తేల్చింది. మనలో కొందరు "ఎందుకులే గొడవ" అని బడి దరఖాస్తులోనూ, జనాభా లెక్కలవాళ్ళు వచ్చినప్పుడూ తమిళం అని చెప్పేస్తున్నారు. అన్నయ్యలూ, అక్కయ్యలూ, ఈసారి లెక్కలవాళ్ళు ఇంటికి వచ్చినప్పుడు మాతృభాష తెలుగు అని స్పష్టంగా చెప్పండి. వాళ్ళు ఏం రాశారో ఒకసారి అడిగి చూడండి. తెలుగు బడి కావాలన్నా, తెలుగు పంతులు కావాలన్నా రేపు చూపించడానికి మనకుండేది ఆ లెక్కే.